పెదవికి మత్తు, పన్నుకు నొప్పి: రెట్రోమోలార్ కెనాల్ ఉన్న ఒక కింది దవడ కేసు

రోగి వయసు 31 ఏళ్లు, మహిళ, టైలరింగ్ షాపు నడుపుతారు. బరువు 54 కిలోలు. మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం లేవు. మందులతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఎడమ కింది జ్ఞానదంతం, అంటే మా లెక్కలో 38వ నంబరు పన్ను, సగం బయటికి వచ్చి ముందున్న పన్ను మీదికి ఒరిగి ఆగిపోయింది. దాని చుట్టూ చిగురు వాచి, నోరు తెరవలేని పరిస్థితి ఏడాదిలో మూడుసార్లు వచ్చింది. ఆ తర్వాత ఒక క్లినిక్‌లో పన్ను తీయించుకోవడానికి వెళ్లారు. అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి, నాలుకలో ఎడమ సగం మొద్దుబారాయి. పన్నుకు డ్రిల్లు తగలగానే మాత్రం ఆమె కుర్చీలోంచి లేచినంత పని చేశారు. మళ్లీ ఇంజెక్షన్ ఇచ్చారు. మళ్లీ అదే. చివరకు కుట్లు వేసి పంపించారు. కేసు కాగితం మీద రాసినది ఒక్క మాట: ‘భయం ఎక్కువ, జనరల్ అనస్థీషియాలో తీయాలి.’

ఆరు వారాల తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ కాగితం ఆమె చేతిలో ఉంది. వెంట వచ్చిన భర్త కూడా అదే మాట అన్నారు: “ఈవిడకు సూదంటేనే భయమండీ.” ఆమె మాత్రం తల అడ్డంగా ఊపారు. “చిగురు కోసినప్పుడు నాకు తెలియనే తెలియలేదు డాక్టర్ గారూ. పెదవి గిల్లుకున్నా తెలియలేదు. పన్ను మీద మిషన్ పెట్టినప్పుడే ప్రాణం పోయింది. పక్క పన్నుకు తగిలినప్పుడు మళ్లీ ఏమీ లేదు.”

ఈ కేసులో అసలు ఆధారం ఆ నాలుగు వాక్యాలే. భయపడిన మనిషి సూది చూసి బిగుసుకుంటారు, కత్తెర చప్పుడుకు ఉలిక్కిపడతారు, ఏది తగిలినా నొప్పి అంటారు. ఏ పన్నుకు నొప్పి, ఏ పన్నుకు లేదు అని విడదీసి చెప్పలేరు. ఈమె విడదీసి చెప్పారు. కోత తెలియలేదంటే మెత్తటి కండకు వెళ్లే నరాలు నిద్రపోయినట్టే. పక్క పన్ను తెలియలేదంటే దవడ లోపలి ప్రధాన నరం కూడా నిద్రపోయినట్టే. మెలకువగా మిగిలింది ఒక్క 38వ పన్ను. అలాంటప్పుడు వెతకాల్సింది దానికి వేరే దారిన కబురు మోస్తున్న నరం కోసం.

పంటికి అప్పటికే ఇన్ఫెక్షన్ ఉంటే మత్తు సరిగా పట్టదు అన్నది ఎవరైనా ముందు వేసే ప్రశ్న. నిజమే. లోపలి గుజ్జు వాచిన పన్నుకు మత్తు పట్టించడం ఎప్పుడూ కష్టమే. ఇక్కడ పుచ్చింది 37, అంటే ముందున్న పక్క పన్ను, అదీ వెనక వైపు పైపైన. 38 గట్టిగా ఉంది. చల్లటి స్ప్రే కొట్టిన దూది పెడితే మామూలుగా స్పందించి, తీయగానే సర్దుకుంది. వాచిన గుజ్జు అలా ఊరుకోదు. అంటే, మత్తుకు లొంగకపోవడానికి సాకు ఉన్న 37 లొంగింది, ఏ సాకూ లేని 38 లొంగలేదు.

ఎక్స్‌రేలో ఒక సన్నగీత

పాత క్లినిక్‌లో తీసిన ఓపీజీ ఫిల్మును, అంటే రెండు దవడలూ ఒకేసారి పడే ఎక్స్‌రేను, లైట్ బాక్సు మీద పెట్టి చూశాను. కింది దవడ నరం వెళ్లే మాండిబ్యులర్ కెనాల్ మామూలుగానే కనిపించింది: రెండు తెల్లటి గీతల మధ్య నల్లటి దారి, జ్ఞానదంతం వేళ్ల కింద నుంచి ముందుకు సాగుతోంది. వేళ్లు దాన్ని తాకడం లేదు. మొదటి చూపులో అంతే. గదిలో దీపం ఆర్పి, ఫిల్ములో ఆ భాగం తప్ప మిగతాది నల్లకాగితంతో కప్పి చూస్తే, పన్ను వెనక దవడ పైకి తిరిగే మలుపులో ఇంకో గీత ఉన్నట్టు అనిపించింది. ప్రధాన కెనాల్ నుంచి విడిపోయి, వెనక్కి వంగి, పైకి లేచి, జ్ఞానదంతం వెనక ఉండే త్రికోణపు గుంట, అంటే రెట్రోమోలార్ గుంట దగ్గర మాయమవుతోంది. దాని పై అంచున తెల్లటి పొర ఒక చోట కనిపించింది, ఇంకో చోట లేదు.

ఇంతమాత్రం చూసి నిర్ణయానికి రాకూడదు. ఓపీజీలో ఆ ప్రాంతం నీడల సంత. ఎముక లోపలి వైపున మైలోహయాయిడ్ నరం వెళ్లే గాడి గీతలాగే పడుతుంది. గొంతులోని గాలి నీడ దవడ మీదుగా పోతుంది. ఎముక లోపలి జాలీ అల్లిక కూడా అక్కడక్కడ కెనాల్‌లా భ్రమ కలిగిస్తుంది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఓపీజీలో గీత లేదు కాబట్టి రెండో కెనాల్ లేదనుకోవడం. ఓపీజీలు లెక్కపెట్టిన పాత పరిశీలనల్లో రెండుగా చీలిన కెనాల్ నూటికి ఒక్కరిలో కూడా తేలలేదు. ఎముకను అన్ని వైపుల నుంచీ పొరలుపొరలుగా చూపించే సీబీసీటీ స్కాన్లు వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. కొన్ని పరిశీలనల్లో దాదాపు ఆరో వంతు మందిలో కనిపించింది. జపాన్‌లో నైతో బృందం 2009లో ప్రచురించిన పరిశీలనలో సుమారు 65 శాతం మందిలో తేలింది. ఏ కొలత ఉన్న గీతను కెనాల్ అనాలి, ఏ యంత్రం వాడారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కాబట్టి ఆ 65ను పట్టుకుని ప్రతి ముగ్గురిలో ఇద్దరికీ ఇలాంటి ఇబ్బంది వస్తుందని చెప్పడం సరికాదు. ఉన్న కెనాళ్లలో చాలా వరకు ఎవరినీ ఏమీ చేయవు.

స్కాన్ రాయడానికి ముందు ఖర్చు గురించి చెప్పాను. మా ప్రాంతంలో ఓపీజీ కంటే సీబీసీటీకి నాలుగైదు రెట్లు ఎక్కువ అవుతుంది, రేడియేషన్ కూడా ఎక్కువే. జ్ఞానదంతం అంటూ వచ్చిన ప్రతివారికీ నేను సీబీసీటీ రాయను. వేళ్లు కెనాల్‌ను తాకుతున్నట్టు ఓపీజీలో అనుమానం ఉంటే రాస్తాను. ఈమె విషయంలో అది లేదు. కానీ ఒకసారి విఫలమైన ఆపరేషన్ ఉంది, ఫిల్ములో గీత ఉంది, జనరల్ అనస్థీషియా అనే పెద్ద ఖర్చు, పెద్ద ఏర్పాటు ఎదురుగా ఉంది. వాటి పక్కన స్కాన్ చిన్నదే. ఎడమ కింది దవడ వరకే, పైన నరం ఎముకలోకి దిగే లింగులా దాకా వచ్చేలా తీయించమని రాశాను.

స్కాన్ చూపించినది, చూపించనిది

దవడ పొడవునా నిలువుగా కోసిన చిత్రాల్లో ఆ గీత నిజంగా సొరంగమేనని తేలింది. జ్ఞానదంతం వెనక, ప్రధాన కెనాల్ పైకప్పు నుంచి ఒక సన్నటి దారి బయలుదేరి, విల్లులా వంగి పైకి వచ్చి, రెట్రోమోలార్ గుంటలో ఒక రంధ్రంగా తెరుచుకుంది. రంధ్రం వెడల్పు 1.3 మిల్లీమీటర్లు. పన్ను వెనక అంచు నుంచి 6 మిల్లీమీటర్ల దూరం. చుట్టూ తెల్లటి గట్టి పొర. అదే రెట్రోమోలార్ కెనాల్. దాని మధ్యలోంచి 38 వెనక వేరు కొస వైపు ఇంకా సన్నటి నల్లగీత ఒకటి కొన్ని చిత్రాల్లో కనిపించింది. అంతకంటే గట్టిగా దాని గురించి చెప్పలేను. ఎముక లోపలి ముఖం మీద, లింగులాకు పైన, రెండో ప్రవేశ రంధ్రం ఏదీ లేదు.

ఇక్కడ చాలామంది పుస్తకం మూసేస్తారు. ‘కెనాల్ రెండుగా చీలింది, అందుకే మత్తు పట్టలేదు’ అని రాసేస్తారు. కొంచెం ఆగి ఆలోచిస్తే ఆ వాక్యం నిలబడదు. కింది దవడకు ఇచ్చే మామూలు నర్వ్ బ్లాక్‌లో మందు పడేది నరం ఎముకలోకి దిగకముందు, లింగులా దగ్గర. నరం లోపలికి వెళ్లాక రెండుగా చీలినా, నాలుగుగా చీలినా, పైన పెద్ద కాలువకు లాకు వేశాక పిల్లకాలువలన్నీ ఎండిపోవాల్సిందే. రెట్రోమోలార్ కెనాల్‌లోని నరం కింది ప్రధాన నరం నుంచే పైకి వస్తున్నట్టయితే, 37తో పాటు 38 కూడా మొద్దుబారాలి. కాలేదు. కాబట్టి 38కి వచ్చే తీగలు లాకు దాటి వచ్చినవి కావు, వేరే చోటి నుంచి వచ్చినవి.

ఆ వేరే చోటు ఏది కావచ్చు? మూడు దారులున్నాయి. ఎముకలోకి దిగే రంధ్రాలు పైన రెండు ఉండి, పై దానికి మందు అందకపోవడం ఒకటి. అది స్కాన్‌తోనే పోయింది. రెండోది మైలోహయాయిడ్ నరం. ఇది ప్రధాన నరం ఎముకలోకి దిగకముందే విడిపోతుంది, నాలుక వైపు ఎముకలోని చిన్న రంధ్రాల గుండా పళ్లకు తీగలు పంపిస్తుందని ఎప్పటి నుంచో తెలుసు. మూడోది బుగ్గ వైపు వెళ్లే బక్కల్ నరం. కొందరిలో దాని కొమ్మ ఒకటి రెట్రోమోలార్ రంధ్రం గుండా పైనుంచి కిందికి, ఎముకలోకి దిగుతుంది. ఆ సొరంగం ఒకటే, అందులో ప్రయాణం మాత్రం ఎటైనా కావచ్చు. స్కాన్ గోడలను చూపిస్తుంది. లోపల నరం ఉందో, రక్తనాళం మాత్రమే ఉందో, ఉన్న నరం ఎటు నుంచి ఎటు పోతోందో చెప్పదు. దాన్ని తేల్చాల్సింది సూదే.

వరుసగా ఇచ్చిన మత్తు

గో గేట్స్ పద్ధతి గురించి ముందే ఒక మాట. ఆస్ట్రేలియా దంతవైద్యుడు జార్జ్ గో గేట్స్ 1973లో ప్రచురించిన ఆ పద్ధతిలో మందు ఇంకా పైన, దవడ కీలు మెడ దగ్గర పడుతుంది. ప్రధాన నరం, నాలుక నరం, మైలోహయాయిడ్, చాలాసార్లు బక్కల్ కూడా ఒకే దెబ్బకు నిద్రపోతాయి. ఈమెకు అదే ముందు ఇచ్చి ఉంటే పన్ను హాయిగా వచ్చేసేదేమో. కానీ ఏ దారిన నొప్పి వచ్చిందో తెలిసేది కాదు, రేపు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే మళ్లీ అదే కథ. అందుకని దాన్ని చివరి అస్త్రంగా పక్కన పెట్టుకున్నాను. ఈ విషయమంతా ఆమెకూ, భర్తకూ బొమ్మ గీసి చెప్పాను. నొప్పి అనిపిస్తే చెయ్యెత్తమని, ఎత్తగానే ఆపేస్తానని చెప్పాను. “మీకు భయం కాదమ్మా, మీ ఎముకలో ఒక దారి ఎక్కువ ఉంది” అన్నప్పుడు ఆమె నా వైపు కాకుండా భర్త వైపు చూశారు.

వాడిన మందు 2 శాతం లిగ్నోకెయిన్, 1:80,000 అడ్రినలిన్‌తో. ముందుగా మామూలు బ్లాక్, నాలుక నరంతో కలిపి 1.8 మిల్లీలీటర్లు. ఐదారు నిమిషాల్లో పెదవి మొద్దుబారింది. అప్పుడు ఏమీ చేయలేదు. పెదవి మొద్దుబారడానికీ పంటి గుజ్జు మొద్దుబారడానికీ మధ్య పది నిమిషాల తేడా రావడం మామూలే. ఆ తేడాను చూసి కూడా లేని నరాలను కనిపెట్టేవాళ్లున్నారు. గడియారం చూసి ఇరవై నిమిషాలు ఆగాను. అప్పుడు చల్లటి స్ప్రే కొట్టిన దూది 37 మీద పెడితే స్పందన లేదు. పంటి గుజ్జుకు సన్నటి కరెంటు ఇచ్చి స్పర్శ చూసే పల్ప్ టెస్టర్ మీట చివరి దాకా, 80 దాకా వెళ్లినా ఏమీ తెలియలేదన్నారు. 38 మీద, బయటికి కనిపిస్తున్న వెనక కొస మీద దూది పెట్టగానే చెయ్యి లేచింది. టెస్టర్ 34 దగ్గరే తెలిసింది. కుడి వైపు మత్తు లేని 47వ పన్ను కూడా దాదాపు అదే అంకె దగ్గర స్పందించింది. అంటే 38కి మత్తు సగం కూడా పట్టలేదు, అసలు పట్టనే లేదు.

తర్వాత మైలోహయాయిడ్ కోసం 38 పక్కన నాలుక వైపు, చిగురు కింద 0.5 మిల్లీలీటరు. ఐదు నిమిషాలు ఆగి చూస్తే 38లో మార్పు లేదు.

చివరగా రెట్రోమోలార్ గుంట. స్కాన్‌లో కొలిచిన దూరాన్ని చిగురు మీద స్కేలుతో గుర్తు పెట్టి, సన్నటి సూదిని ఎముక తగిలే దాకా దించి, మెల్లగా 0.6 మిల్లీలీటరు ఇచ్చాను. నాలుగో నిమిషంలో దూది పెట్టాను. చెయ్యి లేవలేదు. ఇంకోసారి పెట్టాను. ఆమె కళ్లు తెరిచి, “పెట్టారా?” అని అడిగారు. టెస్టర్ 80 దాకా వెళ్లింది.

దీన్ని రుజువు అనను. మందు ఆ రంధ్రం గుండా లోపలికి జారి వేరు దాకా పాకి ఉండొచ్చు, పక్కనే ఉన్న బక్కల్ నరాన్ని తడిపి ఉండొచ్చు. రెండింటిలో ఏది జరిగినా, 38కి కబురు రెట్రోమోలార్ వైపు నుంచి వస్తోందన్న మాట నిలుస్తుంది. మిగతా రెండు దారులు మూసుకుపోయాక అంతకు మించి తేల్చాలంటే నరాన్ని కోసి చూడాలి, అది రోగి దగ్గర చేసే పని కాదు.

ఆపరేషన్

చిగురుకు బుగ్గ వైపు ఇంకో 0.5 మిల్లీలీటరు ఇచ్చాక మొత్తం మందు 3.4 మిల్లీలీటర్లు, అంటే 68 మిల్లీగ్రాములు. ఆమె బరువుకు అడ్రినలిన్‌తో కలిసిన లిగ్నోకెయిన్ 370 మిల్లీగ్రాముల పైచిలుకు దాకా ఇవ్వొచ్చు, కాబట్టి చింత లేదు.

నాలుక నరం దెబ్బతినకుండా పన్ను వెనక కోతను బుగ్గ వైపుకు వంచడం ఎలాగూ అలవాటే. ఇక్కడ దాన్ని మరికొంత బయటికి తిప్పాను, రంధ్రానికి తగలకుండా. పెరియోస్టియల్ ఎలివేటర్‌తో ఎముక మీది పొరను లేపుతూ పోతుంటే, గుర్తు పెట్టిన చోట పొర ఎముకను వదలలేదు. సలైన్‌తో కడిగి చూస్తే అక్కడ ఎముకలోంచి నూలుపోగంత తీగ ఒకటి పొరలోకి వెళ్తోంది. లేత పసుపు తెలుపు, పక్కనే ఎర్రటి నాళం. లాగితే బిగుసుకుంటోంది. తెలియని చేతిలో అది తెగిపోయేదే. తెగితే ప్రాణం మీదికి వచ్చేంత రక్తం రాదు గానీ, పని చేసే చోటు నిండా ఎర్రబడి, ఎక్కడి నుంచి కారుతోందో అర్థం కాక ఇబ్బంది పెడుతుంది. పొరను అక్కడితో ఆపి, ఆ చుట్టూ వదిలేసి ముందు వైపు నుంచి పని చేశాను.

మిగతాదంతా రోజూ చేసే పనే. బుగ్గ వైపు ఎముకను కొంచెం చెక్కి, పన్నును రెండు ముక్కలు చేసి, వెనక ముక్కను, తర్వాత ముందు ముక్కను ఎలివేటర్‌తో తీశాను. చెయ్యి ఒక్కసారీ లేవలేదు. 3-0 విక్రిల్ కుట్లు. వాడిన మందులు మామూలువే.

సాయంత్రానికి పెదవికి స్పర్శ వచ్చింది. వారానికి కుట్లు తీసేటప్పుడు 37 బుగ్గ వైపు చిగురులో తిమ్మిరిగా ఉందని చెప్పారు. దువ్వెన పన్నంత మేర అనొచ్చు. తీగ లాగుడు పడిందని అనుకున్నాను. నెల తిరిగేలోపు అదీ సర్దుకుంది. 37కి ఫిల్లింగ్ చేశాం. దానికి మామూలు బ్లాకే సరిపోయింది.

ఎముకకు ఇన్ని దారులు ఎందుకు

గర్భంలో కింది దవడ ఎముక ఏర్పడేటప్పుడు కెనాల్ ఒకటిగా మొదలుకాదు. చావెజ్ లొమెలీ బృందం 1996లో చూపించినట్టు, ముందు పళ్లకు ఒకటి, పాల దవడ పళ్లకు ఒకటి, మొదటి శాశ్వత దవడ పన్నుకు ఒకటి, ఇలా మూడు దారులు వేర్వేరుగా పుట్టి, తర్వాత ఎముక పెరుగుతూ ఒకటిగా కలుస్తాయి. కలవడం పూర్తికాకపోతే చీలిన కెనాళ్లు మిగులుతాయి. ఈమె విషయంలో నేను అనుమానిస్తున్నట్టు పైనుంచి దిగిన బక్కల్ కొమ్మకు ఈ వివరణ ఒక్కటే చాలదు. అక్కడ నరం ఎముక గట్టిపడకముందే ఆ దారిన వెళ్లి, ఎముకే దాని చుట్టూ పోసుకుని ఉండాలి.

డెంటల్ కాలేజీలో మొదటి ఏడాది చేతికిచ్చే దవడ ఎముకను చాలామంది లింగులా, నరం గడ్డం వైపు బయటికి వచ్చే మెంటల్ రంధ్రం గుర్తుపట్టి పక్కన పెట్టేస్తారు. జ్ఞానదంతం వెనక గుంటను వెలుగుకు ఎదురుగా పెట్టి చూడమని మా దగ్గర శిక్షణకు వచ్చే వాళ్లకు చెబుతాను. సూదిమొన లాంటి రంధ్రాలు కొన్నింటిలో ఉంటాయి. అన్నీ కెనాళ్లు కావు. రూట్ కెనాల్‌కు వాడే 10వ నంబరు కే ఫైలును అందులో దించితే, ఉత్త రక్తనాళపు గుంత అయితే వెంటనే తట్టుకుంటుంది, కెనాల్ అయితే ఫైలు వంగి లోపలికి జారుతుంది. ఆ జారడం ఒకసారి వేలికి తెలిసినవాళ్లు ఓపీజీలో ఆ మూలను వదిలిపెట్టరు.

దవడలో తేడాలు ఇదొక్కటే కాదు, అన్నింటినీ ఇక్కడ ఏకరువు పెట్టను. ఇంప్లాంట్లు పెట్టేవాళ్లకు ప్రీమోలార్ల దగ్గర, అంటే దవడ పళ్లకు ముందుండే చిన్న పళ్ల దగ్గర, రెండో మెంటల్ రంధ్రం ముఖ్యం. ముందు భాగంలో నాలుక వైపు మధ్య రంధ్రాల గుండా వచ్చే నాళాలు ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఎముక దాటి డ్రిల్లు పోతే నోటి అడుగున రక్తం చేరి శ్వాసకే అడ్డుపడుతుంది. దీనికి పూర్తి వ్యతిరేకం ఎడ్వర్డ్ స్టాఫ్నే 1942లో వర్ణించిన గుంట: కెనాల్‌కు కింద, దవడ మూల దగ్గర, ఎక్స్‌రేలో తిత్తిలా గుండ్రంగా కనిపిస్తుంది, నిజానికి అది ఎముక నాలుక వైపు లోపలికి నొక్కుకుపోయిన చోటు మాత్రమే. దాన్ని చూసి సిస్టు అని భయపెట్టి ఆపరేషన్‌కు తీసుకెళ్లడం అనవసరం. దవడ వెనక భాగం నుంచి ఎముక ముక్క తీసి వేరే చోట గ్రాఫ్టుగా పెట్టేవాళ్లు మాత్రం రెట్రోమోలార్ కెనాల్‌ను కచ్చితంగా చూసుకోవాలి. వాళ్లు కోసేది సరిగ్గా అక్కడే.

ఆమె ఫైలులో ఒక నకలు, ఆమె చేతికి ఒక నకలు ఇచ్చాను. అందులో రాసింది ఇది: ఎడమ కింది దవడలో రెట్రోమోలార్ కెనాల్ ఉంది, స్కాన్ జతచేశాం, ఆ వైపు చివరి పళ్లకు పని చేసేటప్పుడు బ్లాక్ తర్వాత నొప్పి అంటే రెట్రోమోలార్ గుంటలో అదనంగా మత్తు ఇవ్వండి, జనరల్ అనస్థీషియా అవసరం పడలేదు. కుడి వైపు కూడా ఇలాగే ఉంటుందా అని ఆమె అడిగారు. ఒక వైపు ఉన్నంత మాత్రాన రెండో వైపు ఉండాలని లేదు. కుడి జ్ఞానదంతం నిటారుగా వచ్చి, నమలడానికి పనికొస్తోంది, దాన్ని తీయాల్సిన పని లేదు. అందుకని ఆ వైపు స్కాన్ తీయించలేదు.